ఎడమ మోకాలు

ఆ ఆగస్టులో మా ఊరివాళ్ళు ఒక ఇంగ్లీషువాణ్ణి ఏట్లో ముంచారు. ముంచినవాళ్ళలో అందరికంటే ముందున్నది మా నాన్నే.

మాది స్కాట్లండులో ఎర్ర రంగు అద్దకం ఊరు. లోమండ్ సరస్సు నుంచి వచ్చే ఏరు మా కార్ఖానాల దాకా తేటగానే వస్తుంది, మమ్మల్ని దాటాక ఎర్రగా పోతుంది. ఆడా మగా అందరికీ మోచేతుల దాకా ఆ రంగే. ఆ ఇంగ్లీషువాడు నల్లటి కొత్త టోపీ పెట్టుకొచ్చి, సారాకొట్టు ముందు నిలబడి, "గేవిన్ గాల్‌బ్రెయిత్ అనే కుర్రాడి ఇల్లెక్కడండీ?" అని అడిగాడట. ఇంకేం కావాలి! ఫుట్‌బాల్ బాగా ఆడే కుర్రాళ్ళకి జీతం ఆశ చూపించి లాంకషైర్‌కి ఎత్తుకుపోయే దళారులంటే మావాళ్ళకి ఒళ్ళుమంట. ఇంగ్లండులో ఆటకి జీతం ఇస్తారు. మా దగ్గర అది తప్పు. జీతం ముట్టినవాడు మళ్ళీ స్కాట్లండులో ఏ జట్టుకీ ఆడడానికి వీల్లేదు.

"అంత దూరం నుంచి వచ్చావు, స్నానం చేసి పోదువు గాని రా నాయనా," అంటూ నాన్న వాడి మెడపట్టీ దొరకబుచ్చుకున్నాడు.

"ఆగండాగండి, టోపీ తియ్యండి పాపం, కొత్తది!" అని డూగల్ లెక్కీ అడ్డుపడ్డాడు. టోపీ జాగ్రత్తగా తీసి, దాన్ని ముందు ఏట్లోకి విసిరాడు. తరవాత మనిషిని విసిరారు.

వాడు పైకొచ్చేసరికి మీసాలతో సహా ఎర్రబడిపోయాడు. ఒడ్డెక్కబోతే మళ్ళీ తోశారు. పని ఆపేసి వచ్చిన ఆడవాళ్ళం కడుపులు పట్టుకుని నవ్వాం. డూగల్ నావైపు చూసి కన్నుకొట్టాడు. వచ్చే వేసవిలో మా ఇద్దరికీ పెళ్ళి అనుకున్నారు కాబట్టి నలుగురిలో కన్నుకొట్టే హక్కు వాడికుందని వాడి నమ్మకం.

నవ్వుకుంటూ ఇంటికొస్తే గుమ్మంలో అమ్మ కూర్చుని ఉంది. ఆమె నవ్వడం లేదు.

"గేవిన్ ఏడే?" అన్నాడు నాన్న.

అమ్మ స్టేషను వైపు చెయ్యి చూపించింది. చెప్పక్కర్లేకపోయింది. సారాకొట్టు ముందు నిలబడి గట్టిగా అడిగినవాడు ఊరికే మమ్మల్ని ఏటి దగ్గరికి లాగడానికి వచ్చినవాడు. అసలువాడు మంగలి దుకాణంలో గడ్డం గీయించుకుంటూ కూర్చున్నాడు. ఊరంతా ఏటి ఒడ్డున గెంతుతుంటే, వాడు మా తమ్ముణ్ణి వెనక సందులోంచి స్టేషనుకి తీసుకుపోయాడు.

గేవిన్ చొక్కాలు తీసుకెళ్ళాడు. ఆట బూట్లు మాత్రం గోడ మేకుకే ఉన్నాయి. అవి నాన్న స్వయంగా కుట్టినవి. జారకుండా అడుగున తోలు పట్టీలు కూడా ఆయనే కొట్టాడు. నాన్న వాటిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ అక్కడే తగిలించాడు.

"ఈ ఇంట్లో వాడి పేరు ఎత్తారంటే చూడండి," అన్నాడు.

మా నాన్న నినియన్ గాల్‌బ్రెయిత్ అద్దకం తొట్ల దగ్గర మేస్త్రీ. ఆ జీతం కడుపు కోసం. ఆయన బతుకు మాత్రం ఊరి జట్టుతోనే. కుర్రాళ్ళ కాళ్ళు పట్టడం, బెణుకులు సర్దడం, ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పడం అంతా ఆయనే, అంతా ఊరికే. మనిషి నడిచివస్తుంటే చూసి ఏ కీలులో నొప్పో చెప్పేసేవాడు. ఆయన పెంచిన ఆటగాళ్ళలో గేవిన్ లాంటివాడు ఇంకొకడు లేడు. ఎడమ పక్కనుంచి బంతి తీసుకుని వాడు బయల్దేరితే ముసలమ్మలు కూడా మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గరికి తోసుకొచ్చేవాళ్ళు. అలాంటివాడు చెప్పకుండా పోయాడు.

సెప్టెంబరులో బడి హాలులో జట్టు సభ పెట్టారు. నాన్న లేచి నిలబడ్డాడు. "జీతానికి ఆడినవాడు మన జట్టు చొక్కా తొడగడానికి వీల్లేదు. మన మైదానంలో సాధన చెయ్యడానికీ వీల్లేదు. కాలో చెయ్యో పోయి తిరిగొచ్చి ఏడ్చినా సరే, నా కడుపున పుట్టినవాడైనా సరే. అలా అని రాసుకోండి," అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. డూగల్‌ని అదే సభలో కెప్టెన్ని చేశారు. వాడూ చప్పట్లు కొట్టాడు.

గేవిన్ లాంకషైర్‌లోని క్లేబ్రిడ్జ్ అనే మిల్లు ఊళ్ళో ఆడుతున్నాడని తెలిసింది. పేరుకి మిల్లులో ఉద్యోగం, ఒక్కనాడైనా మిల్లు గుమ్మం తొక్కింది లేదు. పేపర్లో వాడి పేరు పడినప్పుడల్లా కార్ఖానాలో ఎవడో ఒకడు గట్టిగా చదివేవాడు. నాన్న వినబడనట్టు తొట్లు చూసుకునేవాడు. శనివారం సాయంత్రాలు మాత్రం ఆ బూట్లు దించి నూనె రాసేవాడు. రాసి తగిలించేవాడు. మేము చూడనట్టు ఊరుకునేవాళ్ళం.

అక్టోబరులో గేవిన్ అమ్మకి శాలువా పంపాడు. నీలం రంగు, మెత్తటి ఉన్ని.

"ఎక్కడిదే అది?" అన్నాడు నాన్న.

"పంపాడు."

"ఎవడు?"

పేరు ఎత్తకూడదు కదా. అమ్మ గోడ మీది బూట్లవైపు చూసింది. నాన్న శాలువా లాక్కుని పొయ్యిలో వెయ్యబోయాడు. అమ్మ అడ్డం పడలేదు, ఏడవలేదు. "వెయ్యి. వేసి నన్ను కూడా అందులోకే తొయ్యి," అంది. ఆయన దాన్ని నేల మీద పడేసి బయటికి పోయాడు. అమ్మ దులిపి, మడిచి, పక్క కింద పెట్టుకుంది. ఆ చలికాలమంతా ఒక్కసారి కూడా కప్పుకోలేదు.

డిసెంబరు చివర్లో కొత్త కబురు వచ్చింది. కొత్త సంవత్సరం రోజున క్లేబ్రిడ్జ్ జట్టు మా ఊళ్ళో మావాళ్ళతో ఆడడానికి వస్తోంది. పొరుగు జట్టు మనిషిగా గేవిన్ రావచ్చు, ఆడవచ్చు. మన జట్టు మనిషిగానే పనికిరాడు. ఊరంతా పెళ్ళివారిని ఎదురుచూసినట్టు ఎదురుచూసింది, ఎప్పుడొస్తాడా, ఎప్పుడు తన్నుదామా అని.

"వాడు ఇంట్లోకి రాడు," అన్నాడు నాన్న. "రానివ్వను."

అమ్మ సరేనంది. సరేనన్నాక ఆమె ఏం చేసిందో చెబుతాను.

మాలో కొత్త సంవత్సరం పుట్టాక గుమ్మం దాటే తొలి మనిషిని బట్టి ఆ ఏడు నడుస్తుంది. నల్ల జుట్టు మగవాడు బొగ్గు ముక్క పట్టుకుని వస్తే ఇల్లు చల్లగా ఉంటుంది. ఆడది వచ్చినా, ఎర్ర జుట్టువాడు వచ్చినా దరిద్రమే. డూగల్‌ది మండిపోయే ఎర్ర జుట్టు, అందుకని వాడు ఏటా వీధిలో వణుకుతూ ఎవడైనా నల్ల జుట్టువాడు ముందు పోతాడా అని చూస్తూ నిలబడేవాడు. మా గేవిన్‌ది కాకినలుపు. ఊళ్ళో సగం ఇళ్ళు వాణ్ణే ముందు రమ్మని బతిమాలేవి. అలా వచ్చిన తొలి మనిషిని వెళ్ళగొట్టడమంటే ఆ ఏడాది అన్నాన్ని వెళ్ళగొట్టడమే. ఎంత పగవాడైనా సరే, కూర్చోబెట్టి ఒక గుక్క పొయ్యాలి.

ఆ ఏడు అర్ధరాత్రి నుంచి పొరుగువాళ్ళు ఎవరు వచ్చి తలుపు తట్టినా అమ్మ గడియ తియ్యలేదు. "ఆయనకి తలనొప్పి, తెల్లారాక రండి," అని లోపలినుంచే పంపించేసింది. తెల్లారింది. మళ్ళీ తలుపు చప్పుడైంది. అమ్మ ఒక్క ఉదుటున లేచి గడియ తీసింది.

గుమ్మంలో గేవిన్. ఒక చేతిలో బొగ్గు ముక్క, ఇంకో చేతిలో నల్ల కేకు.

"కొత్త సంవత్సరం శుభమమ్మా," అన్నాడు. అడుగు లోపల పెట్టేశాడు.

నాన్న పొయ్యి పక్కన కుర్చీలో బిగుసుకుపోయాడు. ఆయన మొహం చూస్తే నాకే నవ్వొచ్చింది. అమ్మ ఏమీ ఎరగనిదానిలా పొయ్యి ఎగదోస్తోంది. గేవిన్ బొగ్గు నిప్పుల్లో వేసి, ఎప్పుడూ కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. నాన్న లేచాడు. సీసా తీశాడు. గ్లాసులో విస్కీ పోసి వాడి ముందు పెట్టాడు. వాడు తాగుతున్నంతసేపూ వాడి కాళ్ళవైపే చూశాడు.

"ఏ కాలు?" అన్నాడు.

ఆగస్టు తరవాత నాన్న వాడితో అన్న మొదటి మాట అది. గేవిన్ గ్లాసు దించి బిక్కమొహం వేశాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలించుకొచ్చి దాచేటప్పుడు అలాగే ఉండేవాడు.

"ఎడమది నాన్నా. మోకాలు. నవంబరులో తిరిగిపోయింది. అక్కడెవరికీ చెప్పలేదు. చెబితే మర్నాడే రైలెక్కిస్తారు. ఇప్పటికే ఇద్దర్ని అలా పంపేశారు."

"ఇలా చాపు."

గేవిన్ పంట్లాం పైకి మడిచాడు. నాన్న వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎర్రటి పెద్ద చేతులతో ఆ మోకాలు పట్టుకున్నాడు. బొటనవేలితో అంగుళం అంగుళం వెతికాడు. ఒకచోట గేవిన్ కేకపెట్టాడు. నాన్న అక్కడే ఆగాడు. ఘాటు నూనె తెమ్మన్నాడు, తెచ్చిచ్చాను. చాలాసేపు రుద్దాడు. అమ్మ పక్క కిందనుంచి నీలం శాలువా తీసి, కత్తెరతో పొడుగ్గా పట్టీ కత్తిరించి ఇచ్చింది. నాన్న ఈసారి ఎక్కడిదని అడగలేదు. దాంతోనే బిగించి కట్టాడు.

"ఇవాళ్టికి ఆగుతుందా నాన్నా? ఇవాళ గట్టెక్కితే పక్షం రోజులు ఆటల్లేవు. సర్దుకుంటుంది."

"సూటిగా పరిగెత్తితే ఆగుతుంది. లోపలి పక్కనుంచి ఎవడూ తగలకుండా చూసుకో."

గేవిన్ కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది, సంతోషంతోనే. నేను కూడా ఆ కొత్త ఏడు మా ఇంటికి అచ్చొచ్చిందనుకున్నాను.

మధ్యాహ్నం మైదానం చుట్టూ తాడు ఆనవాలు కనబడనంత జనం. గేవిన్ దిగగానే "అమ్ముడుపోయినవాడు!" అని ఒకటే అరుపులు. ఎవరో పచ్చి చేప విసిరారు, వాడి భుజానికి తగిలింది. వాడు నవ్వాడు. తరవాత బంతి అందుకున్నాడు. అయ్యో, ఏం ఆడాడు! మావాళ్ళు ఎదురొచ్చేసరికి అక్కడ ఉండేవాడు కాడు. డూగల్ వాడి వెంటపడి వెంటపడి ఆఖరికి బురదలో కూర్చుండిపోయాడు. మొదటి సగంలోనే గేవిన్ గోలు కొట్టాడు. తిట్టినవాళ్ళంతా గప్‌చిప్. మెల్లగా ఒక ముసలాయన మాత్రం, "ఎంతైనా మన నినియన్ కొడుకు," అన్నాడు. నాన్న వినే ఉంటాడు.

విరామంలో నాన్న బకెట్టు పట్టుకుని మా కుర్రాళ్ళ మధ్య తిరిగాడు. డూగల్ పిక్కలు రుద్దుతూ వాడి చెవి దగ్గర ఏదో చెప్పాడు. డూగల్ తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. నాన్న ఇంకొకడి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ చేసే పనే కదా, నేను పట్టించుకోలేదు.

ఆట మళ్ళీ మొదలైన కాసేపటికి గేవిన్ ఎడమ పక్కనుంచి బంతితో వస్తున్నాడు. డూగల్ బంతి కోసం వెళ్ళలేదు. అడ్డంగా, కాలు ఎత్తి, లోపలి పక్కనుంచి వెళ్ళాడు. ఎముక చప్పుడు విన్నామని తరవాత చాలామంది అన్నారు. నాకు జనం అరుపొక్కటే వినిపించింది. మావాళ్ళు అరిచింది ఆనందంతో. రెఫరీ ఈల కూడా వెయ్యలేదు. ఒక మనిషి తక్కువైన క్లేబ్రిడ్జ్ మీద మావాళ్ళు రెండు గోల్స్ కొట్టి గెలిచారు. అప్పటిదాకా గేవిన్ తాడు పక్కన గడ్డి మీదే పడున్నాడు. అమ్మా నేనూ వాడి తల పట్టుకుని కూర్చున్నాం.

కొట్టం తలుపు ఊడదీసి దాని మీద ఇంటికి మోసుకొచ్చారు. వెనకే క్లేబ్రిడ్జ్ కార్యదర్శి హిండిల్ వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, టోపీ చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. కాలు చూశాడు. నిట్టూర్చాడు.

"చాలా బాధగా ఉందండీ. రైలుకి వేళైంది. జెర్సీ, బూట్లు క్లబ్బువి, ఇప్పిస్తే వెళ్ళిపోతాను."

"మరి వీడి సంగతేమిటయ్యా?" అంది అమ్మ.

"ఆడలేనివాడితో మేమేం చేసుకుంటామండీ?"

"కాలు చూడు, ఎలా వాచిపోయిందో! బూటు కత్తిరిస్తే గాని ఊడదు."

"కత్తిరిస్తే పాడైపోతుంది గదమ్మా," అన్నాడాయన మెత్తగా.

నేను చీపురు కోసం చూశాను, దేవుడి తోడు. "ఉండండి, నేను తీస్తాను," అన్నాడు నాన్న. లేసులు పూర్తిగా విప్పి, మడమ కింద చెయ్యి పెట్టి, కొంచెం కొంచెంగా లాగాడు. గేవిన్ శాలువా కొస నోట్లో కుక్కుకున్నాడు. బూటు వచ్చింది. హిండిల్ దానికంటిన బురద మా గుమ్మం రాయికే దులుపుకుని వెళ్ళిపోయాడు.

నాన్న గోడ మేకు మీది పాత బూట్లు దించి వాడి పక్క దగ్గర పెట్టాడు. తోలు నిగనిగలాడుతోంది.

"నీవి ఇక్కడే ఉన్నాయి. వేసవికల్లా నిన్ను పరిగెత్తించే పూచీ నాది. ఇక ఎక్కడికీ పోనక్కర్లేదు," అన్నాడు.

ఆగస్టు తరవాత ఆయన కడుపునిండా తిన్నది ఆ రాత్రే. ఇంకాస్త వడ్డించమని అడిగి మరీ తిన్నాడు.

డాక్టరు వచ్చి ఆ కాలు ఇక వంగదన్నాడు. నాన్న ఆయన్ని గాడిదన్నాడు. రోజూ సాయంత్రం పని నుంచి రాగానే, చేతులైనా కడక్కుండా నూనె సీసా తీసుకుని గేవిన్ ముందు కూర్చునేవాడు. జనవరి అయింది, ఫిబ్రవరి అయింది, కాలు కర్రలా అలాగే ఉంది. గేవిన్ మాత్రం విచిత్రంగా కులాసాగా ఉండేవాడు.

"అక్కా, ఆ పొద్దున నాన్న నా కాలు అడిగాడు చూశావా?" అన్నాడు ఒకరోజు. "నేను రైల్లో వస్తూ ఏమనుకున్నానో తెలుసా? గుమ్మంలోనే కొడతాడనుకున్నాను. కాలు పోతే పోయింది, నాన్న మాట్లాడాడు."

డూగల్ మీద కూడా వాడికి కోపం లేదు. ఆటలో తగులుతాయి అన్నాడు. వాడే అలా అంటే నేనేం అనగలను? పెళ్ళి మాట అలాగే నిలిచింది.

మార్చిలో నాన్న జట్టు సభకి వెళ్ళాడు. కొడుకుని మళ్ళీ జట్టు మనిషిగా రాసుకోమని, కనీసం మైదానంలో నడక సాధనకైనా రానివ్వమని అడిగాడు. వీల్లేదనిపించుకుని తిరిగొచ్చాడు. నేరుగా పెరట్లోకి పోయి కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి డూగల్ వచ్చాడు. అమ్మ పెనం మీద ఓట్స్ రొట్టె కాలుస్తోంది, గేవిన్ తన పక్క మీద కూర్చుని ఉన్నాడు.

"ఎప్పీ, నా మీద కోపం తెచ్చుకోకు," అన్నాడు నాతో. "నేను కాదనలేదు. సెప్టెంబరులో నినియన్ మామ రాయించిందే చదివి వినిపించాను, అంతే. 'నా కడుపున పుట్టినవాడైనా సరే' అని ఆయనే అన్నాడు. కావాలంటే అందర్నీ అడుగు."

"కుంటివాడు మైదానం చుట్టూ నడిస్తే మీ గడ్డి ఎండిపోతుందా?" అన్నాను. "కెప్టెనువి కదా, ఒక్క మాట సాయం చెయ్యలేకపోయావా? మనిషివేనా నువ్వు?"

సభలో అందరూ నినియన్ వైపా డూగల్ వైపా అని కొట్టుకున్నారట, పాపం వాడికీ విసుగెత్తినట్టుంది.

"నేనేం చేసినా తప్పేనా?" అని గట్టిగా అరిచాడు. "సెప్టెంబరులో ఆయన చెప్పినట్టే చేశాను. ఆటనాడూ ఆయన చెప్పినట్టే చేశాను. ఎడమ కాలు, లోపలి పక్క అన్నాడు. ఆయన మాట ఎన్నడైనా జవదాటానా? ఇవాళా ఆయన మాటే పట్టుకున్నాను. ఇంకేం చెయ్యమంటారు నన్ను?"

పెరట్లో గొడ్డలి చప్పుడు వినబడుతోంది. పెనం మీద రొట్టె మాడుతోంది, అమ్మ తిరగెయ్యడం లేదు.

డూగల్ నా మొహం చూశాడు, గేవిన్ మొహం చూశాడు. "మీకు తెలుసనుకున్నాను," అన్నాడు చిన్నగా.

"బయటికి నడు," అన్నాను. నడిచాడు. నా పెళ్ళి కూడా వాడి వెంటే నడిచిపోయింది. దానికి నేను ఏడవలేదు, ఆ సాయంత్రం ఏడవడానికి నాకు వంతు రాలేదు.

గేవిన్ కదలకుండా కూర్చున్నాడు. పక్కనున్న బూట్లవైపు చూస్తూ ఉండిపోయాడు. అమ్మ మాడిన రొట్టె తీసి పొయ్యిలో పడేసి, చేతులు తుడుచుకుని, మళ్ళీ పిండి కలపడం మొదలుపెట్టింది.

నాన్న లోపలికి వచ్చాడు. కట్టెలు మూల పడేసి, ఎప్పటిలాగే సీసా తీసుకుని, గేవిన్ ముందు నేల మీద కూర్చుని, అరచేతిలో నూనె పోసుకున్నాడు.

"చాపు," అన్నాడు.

గేవిన్ కుడికాలు చాపాడు. పంట్లాం మోకాలి పైదాకా మెల్లగా మడిచాడు.

"ఇదొకటి మిగిలింది నాన్నా," అన్నాడు.

నాన్న తలెత్తలేదు. వాడివైపు గాని, మావైపు గాని చూడలేదు. వేళ్ళ సందుల్లోంచి నూనె కారి నేల మీద పడింది. తరవాత ఆ ఎర్రటి చేతులు మంచి మోకాలి మీద పెట్టి, రుద్దడం మొదలుపెట్టాడు. అమ్మ దీపం వెలిగించింది, రొట్టెలన్నీ అయ్యాయి, ఆయన ఇంకా రుద్దుతూనే ఉన్నాడు. గేవిన్ ఆపమనలేదు.